చెప్పి వెళ్ళే గడప

ముత్తుకూరులో మా ఇంటికి నాలుగిళ్ళ అవతల బడేబీ అక్క ఉంటుంది. అరవై దాటిన మనిషి. రొయ్యల కంపెనీకి వెళ్ళే తల్లులు పొద్దున్నే పిల్లల్ని ఆమె దగ్గర వదిలి బస్సెక్కుతారు. అంతకుముందు పన్నెండేళ్ళు అంగన్‌వాడీలో ఆయాగా చేసింది.

"ట్రైనింగులో టీచరమ్మలు రాసుకుంటా ఉంటే నేను టీలు పోస్తా వినేదాన్ని. వాళ్ళు పుస్తకం మూసినాక మరిచిపోయినారు. నాకు పుస్తకం లేదు గదా, తలకాయలోనే ఉండిపోయినాది" అని నవ్వుతుంది.

ఆమె ఇంట్లో ఒకటే కట్టుబాటు. ఏ తల్లీ బిడ్డకు చెప్పకుండా గడప దాటకూడదు. మనం చేసేదేమిటి? కాకినో కోడినో చూపించి, బిడ్డ అటు తిరగ్గానే తల్లిని జారుకోమంటాం. నేను నా బిడ్డను అలాగే పెంచాను.

నా కొడుకు రూఫస్ నిరుడు జ్వరం వచ్చి పోయాడు. అప్పటికి మనవరాలు అబిగయీలుకు ఐదు నెలలు. ఇప్పుడు పదమూడో నెల. కోడలు ఎవాంజెలిన్‌కు కంపెనీలో పని దొరికింది. మొదటి నెల చూస్తారట, మూడుసార్లు బస్సు తప్పితే ఇక రావద్దంటారట. పగలంతా బిడ్డ వెనక తిరిగే మోకాళ్ళు నాకు లేవు. అందుకని బిడ్డను బడేబీ అక్క దగ్గరే ఉంచి నేనూ అక్కడే కూర్చునేదాన్ని.

బిడ్డ తల్లిని వదల్లేదు. మొదటి రెండు రోజులూ బస్సు తప్పింది. మూడో రోజు బడేబీ అక్క పాలు కాస్తుండగా నేను బిడ్డను పెరట్లోకి తీసుకుపోయి కోళ్ళను చూపించాను. కోడలికి కళ్ళతోనే పొమ్మని చెప్పాను. బస్సు దొరికింది. నాకు సంతోషమైంది.

లోపలికి రాగానే బిడ్డ మంచం కింద వెతికింది. తలుపు వెనక వెతికింది. తర్వాత మధ్యాహ్నం దాకా ఏడ్చింది. ఆ రోజు నుంచి తల్లి స్నానానికి పోయినా తలుపు బాదడమే.

"ఏం మే ఆనందా, దొంగను దాటించినట్టు దాటించినావా?" అంది బడేబీ అక్క.

"ఏడుస్తుందని, అక్కా..."

"ఏడవనీ. వాళ్ళమ్మ కోసమే గదా ఏడ్చేది! చిన్నప్పుడు కంటికి కనపడకపోతే లేనట్టే దానికి. ఇప్పుడు బుర్ర పెరగతా ఉండాది. అమ్మ యాడనో ఉండాదని తెలుసు, వస్తాదో రాదో తెలీదు. నువ్వేమో అటు తిరిగితే అమ్మ మాయమైపోతాదని నేర్పించినావు. ఇంక అది అటు తిరగతాదా?"

రూఫస్‌ను సమాధి చెయ్యడానికి తీసుకెళ్ళిన రోజు బిడ్డను పక్కింటికి పంపించిందీ నేనే.

ఆదివారం మధ్యాహ్నం బడేబీ అక్క ఎవాంజెలిన్‌ను పిలిపించింది. చెప్పి బయటికి పొమ్మంది, ఐదు లెక్కపెట్టి రమ్మంది. తర్వాత కుళాయి దాకా. తర్వాత అంగడి దాకా.

"ఆ మొగమేంది మే, పరీక్ష తప్పినదాని మాదిరి? నువ్వు భయపడితే అదీ భయపడతాది. పళ్ళు చూపించు!"

"నా పళ్ళు చూస్తే ఇంకా భయపడతాది పెద్దమ్మా" అంది ఎవాంజెలిన్.

ముగ్గురం కడుపు పట్టుకుని నవ్వాం. నవ్వి ఎన్నాళ్ళయిందో.

తల్లి బయట ఉన్నంతసేపూ బడేబీ అక్క బిడ్డను మరిపించలేదు. ఎదురుగా కూర్చుని, "అమ్మ మీద కోపం వచ్చినాదా బంగారూ?" అంది. బిడ్డ "బబబ్బా" అంది. "అంత మాట అన్నాదా మీ అమ్మ?" "బాబ్బా!" "రానీ, అడగతాను." వీధిలో పోయేవాళ్ళు, లోపల ఇద్దరాడవాళ్ళు ఎవరినో ఆడిపోసుకుంటున్నారనుకుని ఉంటారు. అట్లా మాటకు మాట తిరిగొస్తేనే పిల్లల బుర్రలో దారులు పడతాయట. అదీ టీలు పోస్తూ విన్నదే.

సోమవారం బస్సు హారన్ మోగింది. ఎవాంజెలిన్ బిడ్డ ముందు కూర్చుని, "అమ్మ పనికి పోయొస్తాది" అంది. బిడ్డ పెదవి వణికింది, ఏడుపు లంకించుకుంది. కోడలు గడప మీదే ఆగిపోయింది. మళ్ళీ హారన్. కోళ్ళు అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. గట్టిగా నోరు మూసుకున్నాను.

"పో మే, నవ్వతా పో" అంది బడేబీ అక్క.

వెళ్ళింది. బిడ్డ ఏడ్చింది, కానీ అన్నం ఉడికేలోపే ఆపింది. మంచం కింద వెతకలేదు. గడప దగ్గరికి పాకి, వీధి చూస్తూ కూర్చుంది. సాయంత్రం తల్లి వచ్చి ఎదురుగా కూర్చుంటే ఆమె ముక్కు పట్టుకుని చూసింది, నిజమేనా అన్నట్టు.

నెల నిండింది. కోడల్ని కంపెనీ ఉంచుకుంది. ఆ మరునాడు బస్సు దగ్గర బడేబీ అక్క చంకలోంచి అబిగయీలు తనంతట తానే చెయ్యి ఊపింది. అరచెయ్యి మాత్రం తన వైపే ఉంది.

"చూడక్కా, దానికదే టాటా చెప్పుకుంటా ఉండాది!" అన్నాను నేను.

"మనం ఊపేటప్పుడు దానికి కనపడేది అరచెయ్యే గదా. చూసింది చూసినట్టు నేర్చుకునింది" అంది బడేబీ అక్క.

బస్సులో ఎవరో పక్కున నవ్వారు. కిటికీలన్నిట్లోంచీ చేతులు బయటికొచ్చాయి. ఆడవాళ్ళందరూ అరచేతులు తమ వైపే తిప్పుకుని ఊపుతున్నారు, ఎవాంజెలిన్ కూడా.