ఏడు పాయింటు ముప్పై ఐదుకి తెగిన బేరం

మనిషి నెత్తుటి పీహెచ్ మీద బేరమాడిన నర్సు ఏలూరులో ఇంకెవరైనా ఉంటే చెప్పండి, వెళ్ళి దండం పెట్టుకొస్తాను. నాకు తెలిసి నేనొక్కదాన్నే. పైగా ఆ బేరంలో ఓడిపోయాను కూడా. తాడేపల్లిగూడెంలో కిరాణా కొట్టు వెనక గదిలో పుట్టి, చింతపండు తూకం చూస్తూ పెరిగినదాన్ని ఒక రొయ్యల రైతు చేతిలో ఓడానంటే, అంత చెత్త బేరం చెయ్యడానికీ కొంత పనితనం కావాలని నా అభిప్రాయం.

ఆ రైతు చెరువులు పెదపాడు అవతల, కొల్లేటి వైపు. చుట్టలు తాగి తాగి ఊపిరితిత్తులు పాడు చేసుకున్న మనిషి. జలుబు ఛాతీలోకి దిగి, ఆయాసంతో ఓ మధ్యాహ్నం మా ఐసీయూకి వచ్చాడు. మణికట్టు దగ్గర ధమనిలోంచి రక్తం తీసి మిషన్లో పెట్టాం. ఏబీజీ అంటాం ఆ పరీక్షని. కొట్టు బిల్లులాగే సన్నగా, పొడుగ్గా చీటీ వస్తుంది. పీహెచ్ ఏడు పాయింటు ఇరవై తొమ్మిది. కార్బన్ డయాక్సైడు నలభై దగ్గర ఉండాల్సింది అరవై ఎనిమిది. ఊపిరితో బయటికి పోవలసిన గాలి పోక, లోపలే పోగుపడి నెత్తుటిని ఆమ్లం చేస్తోందన్నమాట. ముక్కూ నోరూ కప్పే మాస్కు బిగించి, మిషనుతో గాలి కొట్టించమన్నారు డాక్టరుగారు.

నేను చీటీ చదువుతుంటే ఆయన మాస్కు పక్కకి లాగాడు.

"పీహెచ్ ఎంతమ్మాయ్?"

ఏ పేషెంటూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. బిల్లెంత అని అడుగుతారు, ఇంటికెప్పుడు అని అడుగుతారు. ముచ్చటేసి చెప్పాను.

"ఏడు దాటిందిగా. మా చెరువులో ఏడున్నర ఉంటే రొయ్య గెంతుతా ఉంటది. ఈ కాస్త తేడాకి నాకు ఎద్దుకి కట్టినట్టు చిక్కం కట్టారా?"

"చెరువు లెక్క వేరండీ బాబాయిగారూ. మనిషికి ఏడు పాయింటు ముప్పై ఐదుకీ నలభై ఐదుకీ మధ్య ఉండాలి. పాయింటు పక్కన రెండో అంకె కదిలితేనే మాకు దడ."

ఆయన ఆలోచనలో పడ్డాడు. రొయ్యల రైతు ఆలోచనలో పడితే ఏం చేస్తాడో నాకప్పుడు తెలియదు. సాయంత్రం తెలిసింది. భార్య చూసి వెళ్ళిన కాసేపటికి ఆయన మాస్కు పెట్టుకోనంటున్నాడు, నోరు మండుతోందంటున్నాడు. నాలుక చూస్తే తెల్లగా పొక్కిపోయి ఉంది. దిండు ఎత్తితే కింద ఆవిడ తాంబూలం సున్నం డబ్బీ.

"ఏం చేశారండీ?"

"పీహెచ్ తగ్గిందన్నావుగా. తగ్గితే సున్నం కొట్టాలి. చెరువుకైతే బస్తాలు పడతాయి. నాకు గోళీకాయంత చాలనుకున్నా."

"మీకు పోగుపడింది ఊపిరిలోంచి పోవలసిన ఆమ్లమండీ. సున్నం తింటే నెత్తురు బాగుపడదు, నోరు కాలుతుంది."

"కాలిందిలే. ఆ మాట ముందు చెప్పొచ్చుగా."

డబ్బీ నా జేబులోకి పోయింది. నోటికి మందు రాశాం. కానీ అసలు చిక్కు సున్నం కాదు. ఎల్లుండి చెరువు పట్టుబడి, అంటే వల వేసి రొయ్యలు పట్టే రోజు. కొనేవాడు ఐసు లారీ వేసుకుని గట్టు మీదికి వస్తాడు. తను లేకపోతే కౌంటులో, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయన్న లెక్కలో, ముంచుతాడని ఈయన భయం. నా పూచీ మీదే పోతున్నానని రాసిచ్చి వెళ్ళిపోతానంటాడు. ఆ ఊపిరితో గట్టు ఎక్కితే రొయ్యలకన్నా ముందు ఈయన్ని ఐసులో పెట్టాలి. డాక్టరుగారు చెప్పారు, ఇన్‌ఛార్జి సిస్టరుగారు చెప్పారు, వినలేదు. అప్పుడు నా పుట్టింటి బుద్ధి లేచింది. మాట వినని మనిషి కూడా బేరం వింటాడు.

"రాత్రంతా మాస్కు తియ్యకుండా ఉండండి. రేపొద్దున పీహెచ్ నలభైకి వస్తే మిమ్మల్ని పంపమని డాక్టరుగారికి నేనే చెప్తాను."

"నలభయ్యా. ముప్పై చేసుకో."

"ముప్పై అంటే ఇప్పుడున్నదే కదండీ. ముప్పై ఎనిమిది."

"ముప్పై రెండు. నోరు కాలినవాణ్ణి, కాస్త చూడు."

ముప్పై ఐదు దగ్గర తెగింది. బేరమన్నాక కొసరుండాలిగా, అదీ ఆయనే వేశాడు. తను నెగ్గితే రెండు కిలోల రొయ్యలు, చెప్పిన రేటుకి, నేను నోరెత్తకుండా కొనాలి. నోరెత్తకుండా కొనడమన్నది మా ఇంటావంటా లేదు. అయినా ఒప్పుకున్నాను. తెగిన అంకె సరిగ్గా పుస్తకంలో ఉన్న హద్దే కావడంతో నా తెలివికి నేనే మురిసిపోయాను.

మర్నాడు నాది పొద్దుటి డ్యూటీ. చీటీ వచ్చింది. పీహెచ్ ఏడు పాయింటు ముప్పై ఆరు. ఆయన అప్పటికే మాస్కు తీయించుకుని, ముక్కులో ఆక్సిజన్ గొట్టంతో మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పక్కన భార్య, ఒళ్ళో సంచీ.

ఇన్‌ఛార్జి సిస్టరుగారు చీటీ నా చేతికిచ్చి మెల్లగా అన్నారు. ఆవిడ ఏదైనా మెల్లగానే అంటారు, తిట్టినా సరే.

"ఏవండీ, కింది వరస కూడా చదివారా?"

కింది వరసలో కార్బన్ డయాక్సైడు అరవై ఉంది. దాని కింద బైకార్బొనేటు, అంటే నెత్తుట్లో క్షారం, ఇరవై నాలుగు దగ్గర ఉండాల్సింది ముప్పై మూడు.

"పీహెచ్ ఒక్కదాని మీదే బేరమాడారటగా. సీఓటూ మాట అనుకోలేదాండీ?"

అనుకోలేదు. మా నాన్న కొట్లో తక్కెడ ముందు కూర్చుని నేర్చుకున్న మొదటి పాఠమే అది. ముల్లు నిటారుగా ఉందంటే పళ్ళేలు ఖాళీ అని కాదు. ఒక పళ్ళెంలో బరువు పడితే రెండోదాంట్లో అంత బరువూ వేసినా ముల్లు మధ్యకే వస్తుంది. ఈయన ఊపిరితిత్తులు ఒకవైపు ఆమ్లాన్ని ఇంకా మోస్తూనే ఉన్నాయి. మూత్రపిండాలు రెండోవైపు క్షారం దాచి సరిపెడుతున్నాయి. పీహెచ్ ముల్లు మాత్రమే. ముల్లుని చూసి మోసపోయేది కొనేవాళ్ళేనని మా నాన్న అనేవాడు. కొట్టువాళ్ళ పిల్లనై ఉండి కొనేవాళ్ళలో చేరాను.

వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాను.

"మీరే నెగ్గారు బాబాయిగారూ. కానీ వెళ్ళకూడదు."

"ఇదెక్కడి బేరమమ్మాయ్? మాటంటే మాటే."

"నీళ్ళలోకి గాలి చిలికే ఏరియేటర్లు తిరుగుతుండగా చెరువు నీళ్ళు కొలిచి, బాగానే ఉందని వాటిని ఆపేస్తారా? ఈ ముప్పై ఆరు మాస్కు పెట్టుకుంటే వచ్చింది. అది ఆపితే, తెల్లారగట్ల గాలందక రొయ్య పైకి తేలినట్టు తేలతారు."

మంచి మాట అన్నాననుకున్నాను. ఆయన కదల్లేదు.

"అయితే ఆ ఏరియేటరు అద్దెకియ్యి. గట్టు మీద పెట్టుకుంటా. కరెంటు నాదే."

"అద్దెకివ్వరండీ."

"ఎంతంటారో కనుక్కో. నేను చెప్పేదేంటంటే, కొనేవాడు కౌంటు వేసేటప్పుడు..."

అక్కడ ఆగాడు. కౌంటు గురించి ఇంకేదో చెప్తాడని చూస్తున్నాను. తల ముందుకి వాలింది. బేరం మధ్యలో, రేటు తెగకుండా, కునుకు తీశాడు.

 కార్బన్ డయాక్సైడు పెరిగితే మనిషి మత్తుగా అయిపోతాడని పుస్తకంలో చదివాను. కానీ పుస్తకం కన్నా ముందు భార్యకి అర్థమైంది. ఆవిడ సంచీ కింద పెట్టేసింది.

"ఈయన నిద్దట్లో బేరమాడతాడు గానీ, బేరంలో నిద్రపోడమ్మా. పెట్టెయ్యి ఆ చిక్కం."

మాస్కు బిగించి, డాక్టరుగారిని పిలిచి, మళ్ళీ రక్తం తీశాం. పీహెచ్ ముప్పై ఒకటికి జారింది. కాసేపటికి ఆయన కళ్ళు తెరిచి చుట్టూ చూశాడు.

"ఎంతకి తెగింది?" అన్నాడు మాస్కులోంచి.

"తెగింది," అంది ఆవిడ. "మీరిక్కడ. నేను గట్టు మీద."

"నీకు కౌంటు తెలుసా?"

"ఇన్నేళ్ళూ మీ పక్కన నిలబడి ఏం చూశాననుకున్నారు, కొంగల్నా?"

ఆయన మాస్కు తనే సర్దుకున్నాడు. పట్టుబడి రోజు మాత్రం గంటకోసారి మాస్కు పైకెత్తి, గట్టుకి ఫోను చెయ్యమని నన్ను చంపుకుతిన్నాడు. సాయంత్రం ఆవిడే వచ్చింది, చీర అంచుకి చెరువు బురదతో. కొనేవాడు ఆడమనిషని తేలిగ్గా చూసి, ఆమె నాలుగు వలల దగ్గర కౌంటు తిరిగి వేయించేసరికి దిగొచ్చాడట. ఈయన ఎప్పుడూ అమ్మిన రేటు కన్నా కాస్త పైనే పలికింది. ఆ వార్త ఆయనకి సున్నం కన్నా ఎక్కువ మండింది.

ఇంటికి వెళ్ళే రోజు, మాస్కు లేకుండానే, చీటీలో పీహెచ్ ముప్పై తొమ్మిది, కార్బన్ డయాక్సైడు యాభై ఒకటి. ఈసారి మూడు వరసలూ చదివాను. ఆయన ఊపిరితిత్తులకి అంతకన్నా మంచి రేటు రాదన్నారు డాక్టరుగారు. చుట్టలు మానమన్నారు. రెండు పూటలకి ఒకటి అని ఆయన మొదలెట్టాడు. భార్య చూసిన చూపుకి సున్నా దగ్గర తెగింది.

తరవాతి వారం ఐసు పెట్టెలో రెండు కిలోల రొయ్యలు వచ్చాయి, రేటు రాసిన చీటీతో. ఏలూరు బజారు కన్నా ఎక్కువ. నోరెత్తకుండా కట్టాను, కట్టి ఆ పూటంతా నీరసంగా తిరిగాను.

ఇక నా జమాఖర్చు. ఆయన్ని నిలబెట్టింది మాస్కూ, డాక్టరుగారి మందులూ, భార్య ఒక్క మాటా. వాటిలో నాది లేదు. నా వల్ల అయింది ఆయన ఒక రాత్రి మాస్కు పెట్టుకోవడం, అది జమ. చీటీలో ఒక వరస చదివి రెండు వదిలెయ్యడం ఖర్చు. రొయ్యలు బజారు కన్నా ఎక్కువకి కొనడం ఖర్చు. ఇంట్లో తూస్తే రెండు కిలోల మీద పావు కిలో ఎక్కువే వచ్చింది, అది ఆవిడ వేసిన కొసరు, జమ. సున్నం డబ్బీ ఇంకా నా దగ్గరే ఉంది, తిరిగివ్వాలి.