దిల్‌సుఖ్‌నగర్ సభలో అత్తమ్మ కూర్చోలేదు

కాలనీ వాట్సాప్ గ్రూపులో వచ్చిన ఒక ప్రకటనతో ఈ ప్రయాణం మొదలైంది. ఆదివారం ఐదింటికి దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక గ్రంథాలయంలో ఉపన్యాసం: పాతకాలపు చక్రవర్తుల నుంచి నేటి నియంతల దాకా. తర్వాత, ఊరి భూస్వాములైన దొరల పెత్తనం చూసిన పెద్దవాళ్లు మాట్లాడవచ్చు. మా అత్తమ్మది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. కోటలాంటి దొర గడిలో తన తల్లి పడ్డ కష్టాన్ని అత్తమ్మ కన్నపిల్లలకు కూడా చెప్పలేదు. ప్రకటన చదివి వినిపిస్తే, "నాతోనే పోతది గా ముచ్చట. తోల్కపో బిడ్డా" అన్నారు.

నాలుగింటికి మన్సూరాబాద్‌లో షేర్ ఆటో ఎక్కాం, మనిషికి ఇరవై రూపాయలు. "ఏంది అమ్మమ్మా, కొత్త చీర? పెండ్లికా?" అన్నాడు డ్రైవర్.

"మీటింగుకు. నేనే మాట్లాడుడు."

"ఓట్లకు నిలబడ్తున్నవా ఏంది?"

"నిలబడితే ముందుగాల నీ కిరాయి తగ్గిస్త!"

ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కితే మూడో స్టేషనే దిల్‌సుఖ్‌నగర్. ఆ కాస్త దూరంలోనే ఆమె ధైర్యం జారిపోయింది. "మర్లిపోదాం పా. ఏం చెప్పాల్నో యాదికొస్తలేదు" అన్నారు. చేయి పట్టుకుని లిఫ్టులో కిందికి దించాను.

హాల్లో ముందు వరుసలో కూర్చోబెట్టాను. ఉపన్యాసకుడు లోపలికి రాగానే అత్తమ్మ లేచి నిలబడ్డారు. ఆయన దేవుడి అంశ తామేనన్న రాజుల గురించి, ఎన్నికలు రద్దు చేసిన సైనికాధికారుల గురించి చెబుతున్నాడు. ఆమె మాత్రం కూర్చోలేదు.

"అవ్వా, జర కూసోరాదు, మాకు కనిపిస్తలేదు" అన్నారు వెనక నుంచి ఎవరో.

"పెద్దసారు మాట్లాడుతుంటే ఎట్ల కూసుంట?"

ఉపన్యాసకుడు ఆగి, "ఎందుకమ్మా అలా?" అని అడిగాడు.

"దొర ముంగట ఎవ్వలం కూసోకపోయేది సారూ. గడి ముంగట పోతే చెప్పులు చేతుల పట్టుకునేది. మా అమ్మ పచ్చి బాలింత. వడ్లు దంచనీకె రమ్మని మనిషినంపిండ్రు. పోయింది."

"రానంటే?"

"రానని అనొచ్చని మాకు తెల్వనే తెల్వదు."

ఉపన్యాసకుడు కాగితాలు మడిచి, వేదిక దిగి వచ్చి, ఖాళీగా ఉన్న ఆమె కుర్చీలో కూర్చున్నాడు. "మీరు చెప్పండమ్మా, మేం వింటాం." అత్తమ్మ ఒక్క క్షణం తడబడి వెనక్కి తిరిగి చూశారు. అందరూ కూర్చునే ఉన్నారు. నిలబడింది ఆమె ఒక్కరే. మొదట తల్లి పేరు చెప్పారు. ఆ పేరు నేనూ అప్పుడే విన్నాను.

నియంతలు ఎలా వచ్చారో, ఎలా కూలిపోయారో ఆ సాయంత్రం చాలా విన్నాను. దొర పోయి ఇన్నేళ్లయినా ఆయన ముందు నిలబడిన అలవాటు మా ఇంట్లోనే ఒక మనిషి మోకాళ్లలో ఉండిపోయిందని మాత్రం అప్పటిదాకా నాకు తెలియదు. ఆదివారం కూడా ఆమె నిలబడే మాట్లాడారు. కానీ ఈసారి వినేవాళ్లు కూర్చున్నారు.

అక్కడి మైకు అత్తమ్మకు అందని ఎత్తులో ఉంది. పెద్దవాళ్లను ఇలాంటి సభకు తీసుకెళ్తే పావుగంట ముందే చేరుకుని, మైకు స్టాండును వాళ్ల ఎత్తుకు దించి పెట్టించండి.