వైజాగ్ వెళ్ళినవాళ్ళకు మా అన్నయ్య కనిపించాడు

ముందే చెప్పేస్తున్నాను. దెయ్యాలు, గాలి సోకడాలు, చనిపోయినవాళ్ళు వచ్చి మాట్లాడడాలు, వీటిలో దేన్నీ నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మేవాళ్ళను చూస్తే నాకు జాలి కూడా వేయదు, ఒళ్ళు మండుతుంది. ఇప్పుడు ఇది రాస్తున్నది నమ్మకం కుదిరి కాదు. జరిగింది జరిగినట్టు ఒకచోట పెట్టుకోకపోతే నాకు మనశ్శాంతి ఉండేలా లేదు.

మాది విశాఖపట్నం. పెళ్ళయి సికింద్రాబాద్ వచ్చాక ఉద్యోగమూ ఇక్కడే, ఇల్లూ ఇక్కడే. మారేడ్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ వాళ్ళు ఎవరు వైజాగ్ ప్రయాణం పెట్టుకున్నా ముందు మా తలుపు తడతారు. ఏం చూడాలి, ఎక్కడ తినాలి అని అడుగుతారు.

చెప్పడం నాకూ సరదాయే. ఆర్కే బీచ్‌కి తెల్లారేసరికి చేరండి, ఎండెక్కాక అక్కడ జనం తప్ప సముద్రం కనబడదు. కైలాసగిరి సాయంత్రం పెట్టుకోండి. తొట్లకొండ మీద ఆ పాత బౌద్ధ శిథిలాల దగ్గర కాసేపు ఊరికే కూర్చోండి, సెల్ఫీలు తర్వాత. యారాడ అందంగా ఉంటుంది కానీ నీళ్ళలోకి దిగితే మీ ఖర్మ. మురీ మిక్చర్ బండి దగ్గరే నిలబడి తినాలి. దాన్ని పొట్లం కట్టించుకుని హోటల్ గదికి పట్టుకెళ్ళేవాళ్ళు తిరిగొచ్చాక నాతో మాట్లాడక్కర్లేదు.

ఈ సలహాలు నావి కావు, మా అన్నయ్యవి. చుట్టాలు ఎవరొచ్చినా సెలవు పెట్టి మరీ ఊరంతా తిప్పేవాడు. వాళ్ళు అలిసిపోయి ఇక చాలు బాబూ అన్నా వదిలేవాడు కాదు. ఎక్కడ ఆపినా వాళ్ళను వరసగా నిలబెట్టి ఫొటో తీసేవాడు. ఆ ఫొటోల్లో ఆకాశం బోలెడు ఉండేది, పాదాలు మాత్రం ఎవరికీ ఉండేవి కావు. మా ఆల్బమ్ నిండా పాదాల్లేని చుట్టాలే.

అలా చుట్టాలను తిప్పడానికి వెళ్ళే కనిపించకుండా పోయాడు. భీమిలి దారిలో, రోడ్డు దిగి జీడితోట పక్కగా కాస్త నడిస్తే ఒక చిన్న తీరం వస్తుంది. చుట్టాలు ముందు నడిచారు, అన్నయ్య వెనక వస్తున్నాడు. వాళ్ళు తిరిగి చూసేసరికి లేడు. అల లాగేసిందని కొందరు అన్నారు. కావాలనే ఎటో వెళ్ళిపోయాడని ఇంకొందరు అన్నారు, వాళ్ళ నోళ్ళు పడిపోను. వెతికారు. శవమూ దొరకలేదు, చెప్పులూ దొరకలేదు.

మా వదిన సుశీలను నేను ఇక్కడికి తెచ్చేసుకున్నాను. వాళ్ళకు పిల్లలు లేరు. వదిన అల్వాల్‌లో ఒక చిన్న బడిలో పాఠాలు చెబుతుంది. తాళి తీయలేదు, బొట్టు తీయలేదు. మాలో కనబడకుండా పోయిన మనిషి కోసం పన్నెండేళ్ళు చూస్తారు. అప్పటికీ రాకపోతే దర్భలతో మనిషి బొమ్మ చేసి, దానికి దహనం చేసి, కర్మ జరిపిస్తారు. ఆ రోజు నుంచి భార్య విధవ. ఆ గడువు దగ్గరపడుతోందని మా ఇంట్లో అందరికీ తెలుసు. వదిన ముందు మాత్రం ఎవరం ఎత్తేవాళ్ళం కాదు.

అప్పుడు మా ఆఫీసులో పనిచేసే నర్సింగరావు గారు భార్యను తీసుకుని వైజాగ్ వెళ్ళొచ్చారు. వాళ్ళది బోయిగూడ. మామూలుగానే నా సలహాలన్నీ చెప్పి పంపాను. ఆ భీమిలి దారి తీరం గురించి మాత్రం చెప్పలేదు. అది నేను ఎవరికీ చెప్పను.

ఒక ఆదివారం భార్యతో కలిసి హల్వా పెట్టె పట్టుకుని మా ఇంటికొచ్చారు. వదిన కాఫీ ఇస్తోంది.

"మేడమ్, మీకు అన్న ఉన్నడని ఎన్నడు చెప్పలే! మస్తు మంచిమనిషి" అన్నారాయన.

నాకు అర్థం కాలేదు. భీమిలి దారిలో సముద్రం బాగా కనిపించిందని కారు ఆపి కిందికి దిగారట. అక్కడ ఒకతను ఎదురొచ్చి, "సికింద్రాబాదా? మా గుంట పంపినాదా?" అని అడిగాడట.

"గుంట అంటే ఏంది మేడమ్?" అన్నారు నర్సింగరావు గారు నవ్వుతూ.

మా వైపు ఆడపిల్లను గుంట అంటారు. యాభయ్యేళ్ళ నన్ను అలా పిలిచే మనిషి ఈ ప్రపంచంలో ఒక్కడే. ఆఫీసులో ఆ పిలుపు ఎవరికీ తెలియదు. నాకు అన్న ఉన్నాడనే ఎవరికీ తెలియదు.

ఆ మనిషి వాళ్ళకు బోలెడు సలహాలు ఇచ్చాడట. జగదాంబ దగ్గర ఫలానా హోటల్లో దిబ్బరొట్టె తినమన్నాడట. "పోయి చూస్తే ఆడ హోటల్ గిట్ల ఏం లేదు మేడమ్, సెల్‌ఫోన్ల షాపున్నది" అన్నారాయన. ఆ హోటల్ నాకు తెలుసు. మూసేసి చాలా ఏళ్ళయింది. అన్నయ్య ఉన్నప్పుడు మాత్రం తెరిచే ఉండేది.

ఆయన భార్య ఫోను తీసి, ఆ మనిషే తీశాడంటూ ఫొటో చూపించింది. మొగుడూ పెళ్ళాం నవ్వుతూ నిలబడ్డారు. పైన ఆకాశం బోలెడు ఉంది. పాదాలు లేవు.

నేను లోపలికి వెళ్ళి మా ఆల్బమ్ తెచ్చి అన్నయ్య ఫొటో చూపించాను. నర్సింగరావు గారు ఒక్కసారి చూసి, "గీయనే మేడమ్. అంగీ సుత గిదే" అన్నారు. అన్నయ్యకు ఇప్పుడు అరవై దగ్గర పడాలి. ఆ ఫొటోలో నలభై దాటాయంతే.

వదిన కాఫీ కప్పులు తీసి సింకులో పెట్టి వచ్చి, "నా గురించి అడిగారా?" అంది. నర్సింగరావు గారు బాగా ఆలోచించి, లేదమ్మా, అడగలేదు అన్నారు. ఆ మాటకు వదిన మొహం చూడలేక నేను కిటికీ వైపు తిరిగాను.

ఇద్దరం మర్నాడే రైలెక్కాం. ఆ తీరంలో పగలంతా కూర్చున్నాం, మళ్ళీ మర్నాడూ కూర్చున్నాం. వదిన పెళ్ళినాటి చీర కట్టుకుంది. వలలు బాగుచేసుకునే ముసలాయన్ని అడిగితే, "అలగటోళ్ళెవుళూ ఇటు రారమ్మా" అన్నాడు. మాకు ఎవరూ కనబడలేదు. ముక్కూ మొహం తెలియనివాళ్ళకు దారి చూపించిన మనిషి, ఎండలో కూర్చున్న పెళ్ళానికి ఒక్కసారి కనబడలేకపోయాడు. నాకు అన్నయ్య మీద మొదటిసారి అసహ్యం వేసింది.

ఈ సంగతి విని మా పెదనాన్న విశాఖ నుంచి దిగాడు.

"ఎన్నాళ్ళిలగ? ఆడు పోనాడు కాబట్టే కనపడ్డాడు. గతి లేక తిరుగుతన్నాడు. ఈ నెల్తో గడువు కూడా అయిపోనాది. ఇంకా ఏటి సూస్తారు?" అన్నాడు.

నేను పోట్లాడాను. దెయ్యం కథ విని ఒక మనిషి తాళి తెంపుతారా అని అరిచాను. అప్పుడు వదిన నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆయనకి నెమ్మది దొరుకుతుందంటే చేసేయండి. నాదేముంది" అంది.

చేసేశారు. దర్భల బొమ్మ చేసి, దానికి అన్నయ్య పేరు పెట్టి తగలబెట్టారు. పదో రోజు మా అమ్మ వాళ్ళ అక్క, ఇంకో ఇద్దరు ముత్తయిదువులు కాని ఆడవాళ్ళు కలిసి వదినకు చెయ్యవలసినవన్నీ చేశారు. గాజులు మా బాల్కనీలోనే పగలగొట్టారు. ఒక ముక్క గుచ్చుకుని మణికట్టు దగ్గర రక్తం వస్తే, అయిపోయింది, అయిపోయింది అన్నారు గానీ ఆపలేదు. ఆ పైన బొట్టు తుడిచారు. వదిన ఏడవలేదు. "ఇప్పుడు ఆయన వెళ్ళిపోయుంటారు కదా?" అని మాత్రం నన్ను అడిగింది. వెళ్ళిపోయుంటాడు వదినా అన్నాను. నమ్మకం లేని నేను, ఆవిడ కోసం ఆ మాట అన్నాను.

చుట్టాలు వెళ్ళిపోయిన వారం లోపే పై అంతస్తులో ఉండే కొత్త కోడలు మౌనిక వచ్చింది. పెళ్ళయి కాపురానికి కొత్తగా వచ్చిన పిల్ల. మొగుడితో వైజాగ్ వెళ్ళింది, మా ఇంట్లో ఏం జరిగిందో తెలియదు. వెనకే వాళ్ళ అత్తగారు కూడా వచ్చింది.

"సుశీల ఆంటీ అంటే మీరేనా? మీకొకటి ఇయ్యమన్నరు" అంటూ మౌనిక బ్యాగులోంచి గవ్వలతో చేసిన చిన్న కుంకుమ భరిణె తీసింది. బీచ్ దగ్గర దుకాణాల్లో గుట్టలుగా పోసి అమ్మే రకమే.

"ఎవరు?" అన్నాను నేను.

"మీ అన్నయ్య గారంట ఆంటీ. భీమిలి దగ్గర కలిసిండు, మా ఫొటోలు తీసిండు. మా ఆవిడ దగ్గర కుంకుమ అయిపోయుంటుంది, ఇచ్చేయండి అన్నడు."

చెబుతూనే ఆ పిల్ల మూత తీసి, ముచ్చటగా వేలితో కాస్త కుంకుమ తీసుకుని వదిన నుదుటి వైపు చెయ్యి చాపింది. వాళ్ళ అత్తగారు ఆ చేతిని గట్టిగా పట్టి వెనక్కి లాగేసింది.

"ఏయ్, పెట్టొద్దు! ఆమె భర్త పోయిండే!"

మౌనిక తెల్లబోయింది. "పోయిండా? మేం మొన్ననే కదా అత్తమ్మా కలిసింది" అంది.

అత్తగారు కోడల్ని ఈడ్చుకుని పోయి గుమ్మంలోనే తలమీద నీళ్ళు చల్లింది. వదిన నుంచి ఏదో అంటుకున్నట్టు.

ఆ తర్వాత నేను మౌనికను విడిగా పట్టుకుని ఎన్నో రకాలుగా అడిగాను. అన్నీ ఒకేలా చెప్పింది. ఆ పిల్లకు అబద్ధం చెప్పాల్సిన పని లేదు. ఎవరైనా ఆటపట్టిస్తున్నారా అంటే, ఇంత నీచమైన ఆట ఆడేంత పగ మా మీద ఎవరికీ లేదు. అన్నయ్య బతికే ఉన్నాడా అంటే, బతికున్న మనిషికి వయసు రాకుండా ఉండదు. దెయ్యమైతే కర్మ చేశాక పోవాలి కదా. నమ్మేవాళ్ళ లెక్క ప్రకారం చూసినా లెక్క తేలడం లేదు.

వదిన నన్ను అడిగింది ఒక్కసారే. "నేను బతికున్న మనిషికి నిప్పు పెట్టించానా? లేకపోతే పోయిన మనిషి నన్ను ఇంకా పెళ్ళాంగానే చూస్తున్నాడా?" అంది. ఈ రెండిట్లో ఏది నిజమైతే ఆవిడకు బాధ తగ్గుతుందో నాకు తెలియలేదు. ఏడాది దాటింది, ఇప్పటికీ తెలియదు.

ఆ భరిణె వదిన గదిలోనే ఉంది. పొద్దున్నే తలుపు వేసుకుంటుంది. బడికి బయల్దేరే ముందు కొంగుతో నుదురు గట్టిగా తుడుచుకుంటూ బయటికి వస్తుంది. ఎంత తుడిచినా కనుబొమల మధ్య కాస్త ఎరుపు మిగిలే ఉంటుంది. నేను చూసి, టిఫిన్ పెట్టేస్తాను.