రంగు వేయని తెడ్డు

ఆ బుధవారం ఉదయం మా తమ్ముడు ఫాక్నా, రేవు కుళాయి దగ్గర రెండు క్యాన్లలో మంచినీళ్ళు పట్టుకున్నాడు. నేను పాత తువాలులో చుట్టి తెచ్చిన రొట్టెను కోటు లోపల పెట్టుకున్నాడు. మధ్యమధ్య ఆగి దగ్గుతున్నాడు.

"ఈ చలికాలం నా దగ్గరే ఉండరా. ఈ దగ్గుతో ఆ నీళ్ళ మీద ఎలా ఉంటావు?" అన్నాను.

"నీకున్నదే ఒక్క గది. నేను కూడా వస్తే నీ గురకకి నేను చస్తా, నా దగ్గుకి నువ్వు చస్తావు."

"నాకు గురకేమిట్రా?"

"అవతలి ఒడ్డువాళ్ళు పొగమంచులో ఓడ కూస్తోందనుకుంటున్నారే అక్కా!"

నవ్వబోయి మళ్ళీ దగ్గాడు. "ఆదివారం భోజనానికి వస్తాలే. బంగాళదుంపలు మాడ్చకు," అంటూ క్యాన్లు పట్టుకుని, మెట్ల కింద కట్టిన చిన్న పడవ వైపు దిగాడు. వాన మొదలైంది. నేను వెనక్కి చూడకుండా ఇంటికి వచ్చేశాను.

వాడు గోడలకు పూతపని చేసేవాడు. ఐర్లండ్ దక్షిణ తీరాన మా వెస్ట్ కార్క్‌లో బాగా కట్టిన ఇల్లంటే అందులో వాడి చెయ్యి ఉండేది. బ్యాంకులు కూలిన ఏడాది పనులన్నీ ఒక్క వారంలో ఆగిపోయాయి. పైకప్పుల్లేని ఇళ్ళు కొండ మీద అలాగే నిలబడ్డాయి. వాడి సొంత ఇల్లు బ్యాంకు తీసుకుంది. మిగిలిన వ్యాను ఇచ్చి ఇంజనులేని పాత చేపల పడవ ఒకటి తెచ్చుకున్నాడు. "నీళ్ళ మీద అద్దె అడిగేవాడు లేడే," అన్నాడు. వెళ్ళిన మొదటి వారమే లోపలి చెక్కలకు తెల్లగా పూత వేశాడు. అలల ఊపుకి అది నెలలోపే పగిలి పక్క మీద రాలింది. అయినా మళ్ళీ వేశాడు.

మా అఖాతంలో అలా ఏడు పడవలు లంగరు వేసుకుని ఉండేవి. అన్నింట్లోనూ ఇళ్ళు పోయినవాళ్ళే. వాళ్ళకు తలుపులు లేవు కాబట్టి ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఒడ్డుకు వచ్చిపోయే చిన్న పడవ రేవులో ఉంటే మనిషి ఊళ్ళో ఉన్నట్టు. పెద్ద పడవ వెనక కట్టి ఉంటే ఇంట్లో ఉన్నట్టు, పిలవనిదే ఎవరూ వెళ్ళకూడదు. అంతా పోగొట్టుకున్నవాళ్ళకు ఆపాటి మర్యాదైనా మిగలాలని మేమందరం దాన్ని పాటించాం.

గురువారం తెల్లవారేసరికి నైరుతి గాలి ఉధృతంగా ఉంది. కిటికీలోంచి చూశాను. చిన్న పడవ పెద్దదాని వెనకే ఎగిరెగిరి పడుతోంది. ఉన్నాడులే అనుకుని టీ పెట్టుకున్నాను. ఫోను మోగలేదు. వాడు చార్జింగు పెట్టుకునేది మా ఇంట్లోనే కాబట్టి అదీ వింత అనిపించలేదు.

ఆ గాలికి మా పెరట్లో బట్టల తీగ కింది ఊతకర్ర విరిగింది. ఇంటి కింది ఒడ్డుకు ఒక తెడ్డు కొట్టుకొచ్చి ఉంటే తెచ్చి దాని బదులు నిలబెట్టాను. పచ్చి చెక్క, రంగు లేదు. ఫాక్నా తెడ్లు రెండూ నీలివి, నేనే వేశాను ఆ రంగు.

శుక్రవారం కూడా చిన్న పడవ అక్కడే ఉంది. శనివారం పడవలు బాగుచేసే ఫినీన్‌ను రేవులో అడిగాను.

"మావాడు కనిపించాడా?"

"పడవ వెనకాలే ఉందిగా! నీ సణుగుడు తప్పించుకుని హాయిగా పడుకుని ఉంటాడు. వదిలెయ్ గోబ్నెట్."

అదీ నిజమేననిపించింది. కాస్త కోపం కూడా వచ్చింది.

ఆదివారం బంగాళదుంపలు చల్లారిపోయాయి. నేను రేవుకు పరుగెత్తాను. కట్టుబాటూ లేదు గిట్టుబాటూ లేదు, ఇప్పుడే వెళ్ళి చూడమని ఫినీన్ మీద అరిచాను. వెళ్ళి వచ్చి, ఒడ్డు ఎక్కకుండానే టోపీ తీశాడు.

న్యుమోనియా అన్నాడు డాక్టరు. శనివారం దాకా బతికే ఉన్నాడట. ఒక క్యాను ఖాళీ, రెండోదాంట్లో సగం నీళ్ళున్నాయి. రొట్టె మాత్రం తువాలులో అలాగే ఉంది.

ఖననం అయిన వారానికి ఫినీన్ మా పెరట్లోకి వచ్చాడు. చిన్న పడవలో ఒక్క తెడ్డే ఉందనీ, ఆ గాలిలో ఒక్కదానితో ఒడ్డుకు రావడం ఎవరివల్లా కాదనీ, రెండోది దొరకలేదనీ చెబుతూ బట్టల తీగ వైపు చూసి ఆగిపోయాడు.

"ఇది నీ దగ్గరికి ఎలా వచ్చింది?"

నీలి తెడ్డు ఒకటి విరిగితే, ఆ బుధవారానికి రెండు రోజుల ముందు ఫాక్నా అతని చేతే కొత్తది చేయించుకున్నాడు. రంగు కూడా వేసిస్తానంటే, వద్దు, అక్క వేస్తుందిలే అన్నాడట.