మూడు షిఫ్టుల మొటిమల మందు

అమ్మలూ, నీ మొటిమలకి డాక్టరు విటమిన్ ఎ పూత మందు రాసిచ్చారని మీ అమ్మ ఫోన్లో చెప్పినప్పటి నుంచి నాకు గుండె దడగా ఉంది. ఆ ట్యూబు మూత తియ్యకముందే నేను చేసిన ఘనకార్యం విను. నువ్వూ తమ్ముడూ పుణేలో కూర్చుని కడుపుబ్బ నవ్వుకోండి. ఇక్కడ జంషెడ్‌పూర్‌లో మాత్రం ఆ పన్నెండు రోజులూ మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

అప్పుడు ఈ ఊళ్లోనే గోవింద్‌పూర్ వైపు ఉండేవాళ్లం. మీ తాతయ్య ఫ్యాక్టరీలో ఫర్నేసు దగ్గర పనిచేసి రిటైరవబోతున్నారు. ఆఖరి రోజు దండ వేసి, ఇంట్లోవాళ్లతో కలిపి ఒక ఫొటో తీస్తారు. ఆయన నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

"ఫొటోలో నా గుంట నా పక్కని నిలబడాల. మరేటీ వద్దు నాకు."

ఆ గుంట మీ అమ్మే, పద్మ. పంతొమ్మిదేళ్లది. ముఖం నిండా మొటిమలు, కుతకుత ఉడుకుతున్న పప్పులాగ. కాలేజీకి చున్నీ చుట్టుకుని, కళ్లు మాత్రం బయటపెట్టి వెళ్లేది. ఇంట్లో అద్దం మీద తువ్వాలు కప్పేసింది. ఫొటో మాట ఎత్తగానే రానంటే రానని హిందీలోకి దిగిపోయింది. కోపమొస్తే దానికి తెలుగు రాదు.

"మై నహీ జావూంగీ, అమ్మా. నహీ మతలబ్ నహీ."

"మీ నానడిగింది ఇదొక్కటే కదే."

"నా మొకం సూసి అడగమను."

పక్క గదిలో ఆయన సగం అన్నం వదిలేసి చెయ్యి కడిగేసుకున్నారు. ఆ నీళ్ల చప్పుడు నాకింకా వినిపిస్తూనే ఉంటుంది.

మర్నాడే సాక్చి బజారులో డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లాను. ఆవిడ ఇదే విటమిన్ ఎ పూత మందు రాసిచ్చి, నాలాంటిదానికి కూడా అర్థమయ్యేలా హిందీలో నిదానంగా చెప్పింది. ముఖమంతటికీ కలిపి బఠాణీ గింజంత. పడుకోబోయే ముందు. రోజు విడిచి రోజు. ఎండ తగలకూడదు. మూడు నెలలు ఓపిక పట్టాలి.

మూడు నెలలా! నా దగ్గరున్నవి పన్నెండు రోజులు. ఈ ఊళ్లో పని తొందరగా తేలాలంటే ఏం చేస్తారు? మూడు షిఫ్టులూ నడుపుతారు. అంత పెద్ద ఫర్నేసే ఎ షిఫ్టు, బి షిఫ్టు, సి షిఫ్టు ఆగకుండా నడుస్తుంటే, వేలెడంత ట్యూబు నడవదా? పైగా విటమిన్! మునగాకులో ఉండేదే, బొప్పాయిలో ఉండేదే. ఎక్కువైతే బలమే తప్ప నష్టమేమిటి? ఇదీ నా తెలివి.

"బఠాణీ గింజంత అన్నాది కదమ్మా డాక్టరు?"

"ఆవిడ పిసినారిలాగుందే. మొకం ఇలగెట్టు."

పేరంటానికి వచ్చినవాళ్ల కాళ్లకి పసుపు రాసినట్టు మెత్తేశాను. పొద్దున ఒక పూత, మధ్యాహ్నం ఒక పూత, పడుకునేముందు ఒక పూత. పాత పూత పోతేగాని కొత్తది పట్టదని మధ్యమధ్య సున్నిపిండితో రుద్దుడు. వేళ్లకి మిగిలింది పారేయడానికి మనసొప్పక, నా బుగ్గలకీ తుడిచేసుకునేదాన్ని. అది చాలక ఏప్రిల్ నెల. మేడ మీద వడియాలు పెడుతూ, విటమిన్‌కి ఎండ మంచిదేలే అని మీ అమ్మని కూడా పక్కనే కూర్చోబెట్టుకున్నాను.

నాలుగో రోజుకి ముఖం ఎర్రబడింది.

"అమ్మా, మండతంది."

"మండితేనే పని సేత్తన్నట్టు."

ఏడో రోజుకి ఉడికిన బంగాళాదుంపలా తొక్క ఊడడం మొదలైంది, దానికీ నాకూ. పదో రోజుకి అది అన్నం నమలడానికి కూడా దవడ కదపలేక మజ్జిగ తాగి ఊరుకుంది. తిట్టలేదు. హిందీలో కూడా తిట్టలేదు. అప్పుడు భయమేసింది నాకు.

మళ్లీ సాక్చి పరిగెత్తితే, డాక్టరమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఆంటీ, ఆప్ భీ?" మీరు కూడానా అని.

మందు ఆపించి, ఉత్త వేజలిన్ రాసుకోమంది. తేరుకోవడానికి వారాలు పడుతుందంది. ఫొటోకి ఇంకా రెండు రోజులే ఉన్నాయి.

ఆ రోజు రానే వచ్చింది. మీ అమ్మ గదిలో దూరి గడియ పెట్టేసుకుంది. నేను తలుపు బయట చతికిలబడ్డాను. ఏడుద్దామంటే కన్నీరు బుగ్గ మీదకి జారగానే భగ్గున మండుతోంది. ఏడవడానికి కూడా వీల్లేకుండా చేసుకున్న ఆడది లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఆయన మమ్మల్ని తీసుకెళ్లడానికి వచ్చారు. వీధిలో జీపు ఆగి ఉంది. నా ముఖం చూశారు, మూసిన తలుపు చూశారు. ముప్పై ఏళ్ల వేడికి కమిలిపోయిన తన బుగ్గ ఒకసారి తడుముకున్నారు.

"ఓలే, ముప్పయ్యేళ్లు ఫర్నేసు ముందర నిలబడితే గాని నాకీ రంగు రానేదు. మీకు పన్నెండు రోజుల్లో ఎలగొచ్చిందే?"

లోపల్నుంచి ఏడుపో నవ్వో తెలియని చప్పుడు.

"హసావో మత్, నాన్నా! నవ్వితే మొకం పగిలిపోతంది."

"పగిలితే పగిలింది. దా అమ్మా. ఈయేళ ముగ్గురం ఒకే డిపార్టుమెంటు."

గడియ తీసింది. చున్నీ లేకుండా వచ్చింది.

చర్మం తేరుకున్నాక ఆ మందే డాక్టరు చెప్పినట్టు చెప్పినంత రాసుకుంది, తలుపేసుకుని, నన్ను దరిదాపుల్లోకి రానివ్వకుండా. నాలుగు నెలలకి ముఖం తేటపడింది. తేటపడ్డ ముఖంతో ఆయన పక్కన ఇంకో ఫొటో తీయించాలనుకున్నాం. రేపంటే రేపనుకుంటూనే ఆయన వెళ్లిపోయారు. ఉన్నది ఆ ఒక్కటే. మూడు ఎర్ర ముఖాలు, నవ్వితే నొప్పని మూతులు బిగబట్టుకుని. చూసినవాళ్లు ప్రింటు చెడిపోయిందా అంటారు. అవునంటాను.

కాబట్టి అమ్మలూ, మీ తాతయ్య మీద ఒట్టేసి చెబుతున్నాను. ఈ వంశంలో పుట్టినవాళ్ల ముఖానికీ, పుట్టబోయేవాళ్ల ముఖానికీ నా చేత్తో మందు గాని, నూనె గాని, ఆఖరికి పౌడరు గాని రాయను. ఈ ఒట్టే ఇంత గంభీరంగా నిన్న వీడియో ఫోన్లో మీ అమ్మ ముందు పెడితే ఏమందో తెలుసా?

"రెండు సేతులూ కెమెరా ముందరెట్టి సెప్పమ్మా."