మంత్రిగారి మూడో ఆకు

నా చిన్నప్పుడు నాకు రెండంటే మహా కోపం. ఒకటి ఆముదం, రెండోది మంత్రిగారు. ఆముదం తాగించేవాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారు. మంత్రుల మీద కోపం మాత్రం ఈ వయసుకి కూడా తగ్గలేదు. టీవీలో మంత్రివర్గ విస్తరణ అని అక్షరాలు పరిగెత్తితే చాలు, నాకు ఒళ్ళు మండిపోతుంది. ఎవరికి ఏ శాఖ వచ్చిందో, ఎవరు అలిగారో, ఎవరు ఎవరింటికి వెళ్ళి బుజ్జగించారో మా మనవలు కళ్ళప్పగించి చూస్తుంటే రిమోట్ లాక్కుని కట్టేస్తాను. మామ్మకి చాదస్తం అనుకుంటారు. అనుకోనీ. నేను చూసింది వాళ్ళు చూడలేదు.

మాది తిరువూరు నుంచి ఎ.కొండూరు వెళ్ళే దారిలో కాస్త లోపలికి ఉండే ఊరు. అంతా మెట్ట. ఊరి పైన ఒక చెరువు, దాని కింద కాసిని మాగాణి చెక్కలు. అందులో ఒకటి మా నాయనమ్మది. పక్క ఊళ్ళో ఉండే పుట్టింటివాళ్ళు ఆమెకు పసుపుకుంకుమ కింద రాసిచ్చిన పొలం అది. ఇంట్లో మిగతావన్నీ మా తాతయ్య మాటమీద నడిచేవి కానీ ఆ చెక్కలో ఏ రకం వరి వెయ్యాలో మాత్రం నాయనమ్మే చెప్పేది. ఒక ఏడు పెద్ద వానలకు చెరువు తూము విరిగింది. పొలాలకు నీళ్ళు వదిలే దారి అదే. అది విరిగాక చెరువు నిండటం, ఆ నీళ్ళు వృథాగా వాగులో కలవటం, సరిగ్గా వరి పొట్టకొచ్చేసరికి చెరువు ఎండటం, ఏటా ఇదే వరస. ఇలా అయితే నీ చెక్కను బీడు పెట్టెయ్యక తప్పదని తాతయ్య అన్నాడు. ఆ మాటకు నాయనమ్మ రెండు రోజులు అన్నం తినలేదు.

అలాంటి రోజుల్లో ఆమె పినతండ్రి కొడుకు మంత్రి అయ్యాడు. ఎన్నికలు కాగానే కొత్త ప్రభుత్వం వచ్చింది. మంత్రుల పేర్లు రేడియోలో చదువుతారని ఊరంతా పంచాయతీ అరుగు దగ్గర చేరింది. ఆయన పేరు వినబడగానే తాతయ్య తలపాగా తీసి గాల్లో తిప్పాడు. పైగా ఆయనకిచ్చింది చెరువులూ కాలవలూ చూసే శాఖ. దేవుడు నోరు తెరిచి అడిగినా ఇంతకంటే ఏం కోరతాం?

మంత్రిగారు ఊరికి వస్తున్నారంటే కొబ్బరి మట్టలతో ద్వారాలు కట్టారు. బడి మూయించి పిల్లలందరినీ చేతికో బంతిపువ్విచ్చి రోడ్డు పక్కన వరసగా నిలబెట్టారు. పొద్దున వస్తామన్నవాడు పొద్దు వాలాక వచ్చాడు. నా పక్కనున్న పిల్ల కళ్ళు తిరిగి పడిపోయింది. నా పువ్వు వాడి రేకులు రాలిపోయి ఒట్టి కాడ మిగిలింది. ఆ కాడే ఊపాను. నాయనమ్మ తమ్ముడికి హారతిచ్చి దిష్టి తీసింది. ఆయన చెరువు కట్ట మీద నిలబడి, వచ్చే వానలకల్లా కొత్త తూము అన్నాడు. అక్కడే ఒక శంకుస్థాపన రాయి పాతారు.

వానలు రాకముందే మంత్రివర్గంలో మార్పులు జరిగాయి. ముఖ్యమంత్రి మీద ఎవరో కత్తి కట్టారట, వాళ్ళను చల్లబరచడానికి ఈ శాఖ ఒకరికి, ఆ శాఖ ఇంకొకరికి ఇచ్చారట. మా మంత్రిగారికి పశువుల శాఖ వచ్చింది. మళ్ళీ వచ్చాడు. మళ్ళీ కొబ్బరి మట్టలు, మళ్ళీ ఎండలో మేము. తాతయ్య తూము సంగతి ఎత్తితే, "ఆ శాఖ ఇప్పుడు నా చేతిలో లేదు బావా. పశువుల ఆసుపత్రి కావాలంటే చెప్పు, రేపే రాయి వేసేద్దాం" అన్నాడు. వేశాడు కూడా. ఇంకొన్నాళ్ళకు ముఖ్యమంత్రే మారిపోయాడు. కొత్తాయన మంత్రుల్ని మళ్ళీ కలిపి పంచితే మనవాడికి గుళ్ళూ గోపురాలూ దక్కాయి. గుడి ముందు మండపానికని మూడో రాయి పడింది. ఆసుపత్రీ రాలేదు, మండపమూ రాలేదు. ఆ రాళ్ళకు మా గేదెలు వీపు గోక్కునేవి. ఆయనగారి వల్ల ఊరికి జరిగిన మేలు అదొక్కటే.

ఈ లోపల నాయనమ్మ పొలం రెండుసార్లు ఎండింది. తాలు గింజల్ని చేటలో పోసి ఊదుతుంటే చేటలో ఏమీ మిగలకపోవడం నాకు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. ఆమె హారతి పళ్ళెం తీసి అటక మీద పడేసింది.

అప్పుడు మళ్ళీ మార్పులు జరిగి, తిరిగి తిరిగి ఆ చెరువుల శాఖే ఆయన చేతికొచ్చింది. తాతయ్యకు పట్టపగ్గాలు లేవు. భోజనానికి పిలిచాడు. మా మెట్టలో అరిటాకులెక్కడివి, బెజవాడ నుంచి బస్సు మీద కట్టలు కట్టలు తెప్పించాడు. గారెలు, నాటుకోడి కూర, బూరెలు, గుత్తివంకాయ, గోంగూర పచ్చడి. నాయనమ్మ తెల్లవారుజామునే లేచి అన్నీ తన చేత్తోనే చేసింది. ఒక్క మాటతో అయిపోయే పని కదా, ఈసారైనా పొలం బతుకుతుందని ఆమెకూ ఆశ పుట్టినట్టుంది. గారెలు వేస్తూ వేస్తూ ఏదో కూనిరాగం కూడా తీసింది.

వెంట వచ్చినవాళ్ళకు వసారాలో వడ్డించి, మంత్రిగారికి నట్టింట్లో పీట వేశారు. కాళ్ళు కడుక్కుంటూ ఆయన తాతయ్యతో గొంతు తగ్గించి చెప్పాడు. నేను చెంబు పట్టుకుని అక్కడే ఉన్నాను.

"ఈ ప్రభుత్వం ఇక నిలబడదు బావా. అవతలివాళ్ళతో నేను మాట్లాడేసుకున్నా. అటొస్తే రెవెన్యూ ఇస్తామన్నారు."

తాతయ్య తువ్వాలు అందిస్తూ ఆగిపోయాడు. "అయితే మన తూము సంగతేంటి బావగారూ? ఇప్పుడు మీ చేతిలోనే ఉందిగా. వెళ్ళేలోపు ఒక్క మాట చెప్పెయ్యకూడదూ?"

"ఇప్పుడెందుకులే ఈ చిన్న చిన్న పనులు? అటెళ్ళాక అన్నీ ఒకేసారి చూద్దాం."

నాయనమ్మ నేతిగిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఆ మాట ఆమె చెవిన పడింది. లోపలికి వెళ్ళి ఇంకో రెండు పీటలు, రెండు ఆకులు తెచ్చి ఎడంగా వేసింది.

తమ్ముడు మొదటి పీట మీద కూర్చున్నాడు. ఆ ఆకులోనూ, దాని పక్క ఆకులోనూ నిండా వడ్డించింది. గారె విరవబోతుంటే ఆమె చాలా ప్రేమగా అంది. "తమ్ముడూ, ఆ ఆకు మరీ చిన్నదేమోరా. మంత్రివి. అదుగో, ఆ పక్కన పెద్దాకు వేశాను."

ఆయన అటు చూశాడు. నిజంగానే అది పెద్దది, బూరెలు కూడా ఎక్కువ. నవ్వుకుంటూ లేచి వెళ్ళి కూర్చున్నాడు. వడ్డించిన విస్తరి ముందు నుంచి మనిషిని లేపడం మా వైపు మహా పాపం, దాన్ని మించిన అవమానం ఇంకోటి లేదు. అందుకే తాతయ్య గతుక్కుమన్నాడు. కానీ నాయనమ్మ లేపలేదు. చూపించిందంతే.

రెండో ఆకులో నెయ్యి కూడా పడ్డాక, ముద్ద కలుపుతుండగా మళ్ళీ అంది. "అక్కడ దక్షిణం మొహంగా తింటున్నావురా, మంచిది కాదు. తూర్పు మొహంగా ఇంకా పెద్దాకుంది చూడు." కలిపిన ముద్ద ఆకులోనే వదిలేసి ఆయన మళ్ళీ లేచాడు. మూడో పీట మీద బాసింపట్టు వేసుక్కూర్చుని, ఆకు మీద నీళ్ళు చల్లుకుని, తుడుచుకుని, తలెత్తి చూశాడు.

నాయనమ్మ కదల్లేదు. నన్ను పిలిచి, "అమ్మడూ, ఆ మొదటి ఆకు దగ్గర కూర్చుని తిను. ఎవరూ ముట్టని ఆకే" అంది. నాకు భయం వేసింది. కానీ పొద్దుట్నుంచీ గారెల వాసనకు ప్రాణం లాగేస్తోంది. కూర్చున్నాను. గారె కోడికూరలో ముంచి నోట్లో పెట్టుకున్నాను. మంత్రిగారు నన్నే చూస్తున్నాడు.

"వడ్డించవేం అక్కయ్యా?"

"వడ్డన ఇప్పుడు నా చేతిలో లేదు తమ్ముడూ. ఇందాకటి దాకా నాదే. అప్పుడు నువ్వు తినలేదు."

ఆయన ముఖం కందగడ్డలా అయింది. నాయనమ్మ గొంతు అప్పుడు లేచింది. "నీకు ఆకలి లేదురా. ఆకలైనవాడు చిరిగిన ఆకులో పెట్టినా తింటాడు. నిండాకు ముందు కూర్చుని పక్కాకు వైపు చూసేవాడికి పొద్దుట్నుంచీ పొయ్యి దగ్గర మాడి వండిపెట్టాను చూడు, నాదీ బుద్ధి తక్కువ. మమ్మల్ని నీ కాళ్ళ చుట్టూ తిప్పుకుని రెండేళ్ళ పంట ఎండబెట్టావు. పో!"

ఆయన తినకుండానే లేచి వెళ్ళిపోయాడు. కారు దుమ్ము ఊరంతా కప్పింది. ఇంటికొచ్చిన అతిథిని విస్తరి ముందు నుంచి లేపుతావా అని తాతయ్య అరిచాడు. "నేను లేపలేదు. తనే లేచాడు. రెండుసార్లు" అంది నాయనమ్మ. ఆ రోజు నుంచి తాతయ్య ఆమెతో మాటలే మానేశాడు. మంచినీళ్ళు కావాలన్నా నాచేత అడిగించుకునేవాడు. ఊళ్ళో కూడా సగంమంది నాయనమ్మనే తిట్టిపోశారు. చేజేతులా నోటి దగ్గర కూడు పారబోసిందన్నారు. ఏ కూడు? మూడు రాళ్ళేగా!

కొన్ని వారాలకు రేడియోలో చెప్పారు. ప్రభుత్వం పడిపోయింది. కొత్త మంత్రుల పేర్లు చదివితే మావాడి పేరు లేదు. అవతలివాళ్ళు వాడుకుని వదిలేశారు. రెంటికీ చెడ్డ రేవడి అయ్యాడు. అరుగు మీద జనం చేరి, ఈసారి చెరువుల శాఖ ఎవరికి వచ్చింది, ఆయన మనకేమన్నా చుట్టమా, ఎవరి ద్వారా వెళ్తే కలవొచ్చు అని మళ్ళీ మొదలెట్టారు. తాతయ్య ఆ మాటలు కాసేపు విన్నాడు. తలపాగా చుట్టుకుని, ఇంటికొచ్చి పార తీసుకుని చెరువు వైపు నడిచాడు. మర్నాడు బండ్లు కదిలాయి. తాటి దుంగలు అడ్డం వేసి, బంకమట్టీ గడ్డీ కలిపి తొక్కి ఆ తూమును ఎలాగో బిగించారు. నాయనమ్మను తిట్టినవాళ్ళు కూడా వచ్చి మట్టి మోశారు.

పంట సగమే పండింది. ఆ బిగింపు ఒక్క ఏడాదే నిలిచింది. తర్వాత్తర్వాత ఆ చెక్కా మామిడితోట అయిపోయింది. పోయినదాన్ని పోలేదని నేను చెప్పను, నాకు ఇప్పటికీ కడుపు మంటే. కానీ ఆ ఏడు కొత్తబియ్యం వండిన రోజున నాయనమ్మ తాతయ్యకు మోదుగాకు విస్తరి వేసి వడ్డించింది. ఆయన ఒక్క మెతుకు మిగల్చకుండా తిని, "ఇంకాస్త పెట్టు" అన్నాడు. అన్నాళ్ళకు ఆమెతో ఆయన అన్న మొదటి మాట అది.

నాయనమ్మ పోయి చాలా కాలమైంది. ఎన్ని ప్రభుత్వాలు వచ్చాయో, ఎన్ని పడ్డాయో నేను లెక్కపెట్టలేదు. తిరువూరులో నేనిప్పుడుండే ఇంటికి ఇప్పటికీ నాయకులు వస్తూనే ఉంటారు. మొన్నటి దాకా ఒక జెండా కింద ఉన్నవాడు ఇవాళ ఇంకో కండువాతో వచ్చి, ఆశీర్వదించండమ్మా అని వంగుతాడు. నేను కాదనను. రా నాయనా అని కూర్చోబెడతాను. పీట వేస్తాను, ఆకు వేస్తాను, నీళ్ళు చల్లుతాను. గంటె చేతిలోకి తీసుకున్నాక ఒక్కటే అడుగుతాను. "కిందటిసారి నీకు వడ్డించిన ఆకు ఏం చేశావు?"

ఇంతవరకూ మా ఇంట్లో ఒక్క నాయకుడూ భోజనం చెయ్యలేదు.