గది ఇచ్చాం

2016 వేసవి. తమిళనాడులో వేలూరు దగ్గరి ఒక పరిశోధనా విశ్వవిద్యాలయంలో నేను ఫిజిక్స్ శాఖాధిపతిగా ఉన్నాను. ఆ ఏడు మా శాఖకు ఒక టెన్యూర్ ట్రాక్ పోస్టు మంజూరైంది. ఈ మాట బయటివాళ్లకు కొత్త కాబట్టి చెబుతాను. ఈ పద్ధతిలో చేరిన రోజే ఉద్యోగం శాశ్వతం కాదు. కొన్నేళ్ల గడువు ఇస్తారు. ఆ గడువులో సొంత ల్యాబ్ నిలబెట్టి, విద్యార్థులను తయారుచేసి, పరిశోధనా పత్రాలు ప్రచురించాలి. చివర్లో రివ్యూ కమిటీ కూర్చుంటుంది. మెప్పిస్తే రిటైరయ్యేదాకా ఉద్యోగం, లేకపోతే ఇంటికి. ఆ గడువును టెన్యూర్ క్లాక్ అంటాం. చేరిన నాటి నుంచి అది నడుస్తూనే ఉంటుంది. ల్యాబ్ తలుపు తెరుచుకుందా లేదా అన్నది దానికి పట్టదు.

ఆ పోస్టుకు వచ్చినవాళ్లలో అందరికంటే బాగా మాట్లాడిన అమ్మాయిని ఇక్కడ హేమ అంటాను. లేజర్లతో పని ఆమెది. ఆమెకు పూణేలో ఒక సంస్థ అప్పటికే ఉద్యోగం ఇస్తామంది, సిద్ధంగా ఉన్న ల్యాబ్‌తో సహా. మా డీన్ నన్ను పిలిచి, "ఎలాగైనా ఒప్పించండి, ఈమెను వదులుకోవద్దు" అన్నాడు. లేజర్ పనికి నేల అంతస్తులో, అదురు లేని గది కావాలి. మా భవనంలో అలాంటిది ఒకటే ఖాళీగా ఉంది. దాన్ని హేమకు ఇస్తామని చెప్పవచ్చా అని అడిగాను. "చూద్దాం" అన్నాడు డీన్. ఆ "చూద్దాం"కు అర్థం ఏమిటో ఇరవై ఏళ్ల సర్వీసులో నాకు తెలియనిది కాదు.

హేమది గుడియాత్తం పక్కన పరదరామి, మాలాగే తెలుగు మాట్లాడే ఇల్లు. మాది గుడియాత్తం బజారులో విత్తనాల అంగడి. వాళ్ల నాన్నను మునెప్ప నాయుడు అంటాను. వాళ్లింట్లో మా నాన్న పేరు చెబితే చాలు. ఆదివారం బస్సెక్కి పరదరామి వెళ్లాను. అభ్యర్థిని ఇంటికి వెళ్లి అడగడం పద్ధతి కాదని తెలుసు. క్యాంపస్‌లో ఇంగ్లీషులో అడిగితే ఆమె లెక్కలు వేసుకుంటుంది, ఇంటి అరుగు మీద తెలుగులో అడిగితే వేసుకోదు. అది కూడా తెలుసు కాబట్టే వెళ్లాను.

నాయుడు నన్ను చూసి నవ్వాడు. "ఏమప్పా, లైటు ఏసేదానికి ఇంత చదువు కావాల్నా? మా మోటారు షెడ్డులో స్విచ్చి నొక్కితే ఎలగదా?"

"నీ బల్బు అన్ని పక్కలకీ పోతాది నాయనా, నా లైటు ఒకే దారిన పోతాది" అంది హేమ.

"అంటే నీ మాదిరే మొండిది."

అందరం నవ్వాం. తరువాత హేమ నా వైపు తిరిగింది. "సార్, పూణేవాళ్లు ల్యాబ్ సంగతి ఆఫర్ లెటర్‌లోనే రాసిచ్చినారు. మీరు గూడా ఆ కింది గది ఇస్తామని రాసిస్తారా?"

నేను నోరు తెరిచేలోపే నాయుడు అడ్డం వచ్చాడు. "సుమ్మా ఉండు పాపా, మాట్లాడొద్దు. వీళ్ల నాయన అంగట్లో మూడు తరాలుగా విత్తనాలు తెచ్చుకుంటా ఉండాము. ఒక్కనాడు చీటీ అడిగినామా? మొలకెత్తలేదని ఒక్కనాడు తిరిగి పోయినామా? మన మనిషిని కాగితం అడిగితే ఏమి మర్యాద?"

మా వైపు అది అంతే. బయటివాణ్ని ఎన్ని కాగితాలైనా అడగవచ్చు. మన మనిషిని అడిగితే అతని మాట మీద ఉమ్మినట్టే. హేమ తల దించుకుంది. అప్పుడు నేను చెప్పవలసింది ఒకటే: "అమ్మాయి అడిగింది సరైనదే అన్నా, గది ఇంకా నా చేతిలో లేదు." దానికి బదులు, "రాత ఎందుకమ్మా, నేను ఉండాను కదా" అన్నాను. ఇంగ్లీషులో ఆ మాట నా నోట వచ్చేది కాదు.

ఆమె పూణే వదులుకుంది. జూలైలో చేరింది.

కింది గది రాలేదు. డీన్ దాన్ని వచ్చిపోయే పెద్దలకు చూపించడానికి అద్దాల తలుపులతో ఒక ఇన్నొవేషన్ సెంటర్‌గా మార్చాలన్నాడు. ఆ నిర్ణయం జరిగిన మీటింగులో నేనూ ఉన్నాను. తరువాతి డీన్ ఎవరన్న మాట అప్పుడు నడుస్తోంది, ఆ వరుసలో నా పేరు ఉంది. బల్ల మీద ఉన్న బిస్కెట్ల ప్లేటు వైపు చూస్తూ కూర్చున్నాను. హేమకు మూడో అంతస్తులో, లిఫ్ట్ మోటారు పక్క గది ఇచ్చారు. లిఫ్ట్ కదిలిన ప్రతిసారీ ఆమె కాంతి రేఖ వణికేది. లేజర్లను అమర్చే ఆప్టికల్ టేబుల్ అని ఒకటి ఉంటుంది, అదురు తగలకుండా గాలి మీద తేలే బరువైన బల్ల. అది ఆ గదిలోకి ఎక్కలేదు. చెక్కపెట్టెలో అలాగే కింద వరండాలో ఉండిపోయింది. విద్యార్థులు దాని మీద టిఫిన్ డబ్బాలు పెట్టుకునేవారు.

మొదట్లో హేమ నా గదికి వచ్చి అడిగేది. "సార్, మన గది సంగతి యాడికొచ్చింది?"

"వస్తాదమ్మా, కండిప్పా, తప్పకుండా వస్తాది" అనేవాణ్ని, తెలుగులోనే. కొంతకాలానికి ఆమె ఇంగ్లీషులో ఈమెయిల్ పంపడం మొదలుపెట్టింది. వాటికి నేను జవాబు ఇవ్వలేదు. రాత్రిళ్లు లిఫ్ట్ ఆగాక పని చేసేదని వాచ్‌మన్ చెప్పాడు. తరువాత అడగడం మానేసింది. ఆమె ఊరుకుంది కాబట్టి సమస్య తీరిందని నాకు నేను చెప్పుకున్నాను.

గడువు ముగిసింది. రివ్యూ కమిటీలో నేను సభ్యుణ్ని. పత్రాలు తక్కువగా ఉన్నాయి. బయటి నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఫైలు మూసి అడిగాడు: "ఈమె ఇంతకుముందు చేసిన పని చాలా బాగుంది. ఇక్కడికి వచ్చాక ఏమైంది? ల్యాబ్ ఇచ్చారా?"

అందరూ నా వైపు చూశారు.

"గది ఇచ్చాం" అన్నాను.

అందులో అబద్ధం లేదు. ఆయన తల ఊపి తరువాతి ఫైలు తీశాడు. హేమకు టెన్యూర్ రాలేదు.

గది ఖాళీ చేసే రోజు ఆమె తాళం ఇవ్వడానికి వచ్చింది. "సార్, నాయనకు గది సంగతి చెప్పలేదు. నేనే సరిగ్గా చేయలేదని చెప్పినా. మీరు గూడా చెప్పొద్దండి. మీరంటే ఆయనకు శానా గౌరవం." ఆ మాట విన్నప్పుడు నాకు కలిగింది సిగ్గు కాదు, ఊరట. ఆ తరువాత ఆమె మరి కొన్ని చోట్ల ప్రయత్నించింది. టెన్యూర్ నిరాకరించిన మనిషిని తీసుకోవడానికి మా రంగంలో అందరూ వెనకాడతారు. ఇప్పుడు నాట్రంపల్లిలో ఒక బడిలో ప్లస్ టూ పిల్లలకు ఫిజిక్స్ చెబుతోంది. నేను డీన్ కాలేదు. అది ఇక్కడ లెక్కలోకి రాదు.

నిరుడు గుడియాత్తం బజారులో నాయుడు కనిపించాడు. చేయి పట్టుకుని కాఫీ అంగట్లోకి తీసుకుపోయాడు. చాలాసేపు వేరుశనగ పంట గురించి మాట్లాడి, ఉన్నట్టుండి గొంతు తగ్గించాడు.

"అప్పా, మన్నించాల. నువ్వు ఇంటికొచ్చి పిలిస్తివి. అంత పెద్దోళ్ల మధ్య నీకు తలవంపులు తెచ్చింది మా పాప. నీ మాట నిలబెట్టలేకపోయింది."

ఆయన తాగించిన కాఫీ తాగి వచ్చాను.

తెలుగు పాఠకుల కోసం నా వృత్తి అనుభవం ఒకటి రాయాలని కూర్చున్నప్పుడు ఇదొక్కటే గుర్తుకు వచ్చింది. తిరుపతిలో చదివిన రోజుల్లో నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. హేమకు గానీ నాయుడికి గానీ అవి రావు. మా వైపు బడి చదువు తమిళంలో, చాలామందికి తెలుగు మాటే గానీ రాత తెలియదు. సగం రాశాక, వాళ్లు చదవలేరు కాబట్టే ఇంత ధైర్యంగా రాస్తున్నానని అర్థమైంది. కాగితం పక్కన పెట్టి హేమకు ఫోన్ చేశాను, మీ నాయనకు నిజం చెప్పాలనుకుంటున్నానని.

"మీకు బరువు తగ్గుతాదంటే చెప్పుకోండి సార్" అంది.

పరదరామి వెళ్లాను. అదే అరుగు. అంతా చెప్పాను: కింది గది, మూడో అంతస్తు, రివ్యూలో నేను అన్న మాట. నాయుడు నన్ను తిడతాడని సిద్ధపడి వెళ్లాను. తిట్టి ఉంటే బాగుండేది.

"అయితే పాప తప్పు లేదా?" అన్నాడు.

"లేదన్నా. నాది."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఆ పొద్దు అది కాగితం అడిగింది గదప్పా. నేనే సుమ్మా ఉండమంటిని."

అంతే. ఇంట్లోంచి వచ్చిన మజ్జిగ నా ముందు పెట్టారు. ఆయన తాగమనలేదు. లేచి మోటారు షెడ్డు వైపు వెళ్లిపోయాడు. నేను ఉన్నంతసేపూ తిరిగి రాలేదు. నా బరువు దించుకోవడానికి వెళ్లి దాన్ని ఆయన నెత్తిన పెట్టి వచ్చాను. హేమకు అది ముందే తెలుసు.

ఇప్పటికీ నన్ను ఎంపిక కమిటీలకు పిలుస్తుంటారు. ఈమధ్య ఒక కుర్రాడు, ఆలంగాయం వాడు, నా పేరు విని తెలుగులోకి దిగాడు. "మీరు చెప్తే సాలు సార్, మీరు మనోళ్లు" అన్నాడు. ఆఫర్ లెటర్ అతని చేతికిచ్చి, అందులో గది నంబరు ఉందేమో చూసుకోమన్నాను. లేదు.

"అయితే సంతకం పెట్టొద్దు నాయనా. నేను చెప్పినా సరే పెట్టొద్దు" అన్నాను.

అతను నా వైపు ఎట్లా చూశాడంటే, ఏదో మర్యాద తప్పినవాణ్ని చూసినట్టు చూశాడు. ఆ చూపు పరదరామి అరుగు మీద ఆ రోజే నాపై పడాల్సింది.